స్పీకరు పెట్టెలకు అల్లిన లేసు

మొన్న వేసవిలో హైదరాబాదు నుంచి ఒకాయన మా ఇంటికి వచ్చాడు. పాత స్టీరియో సామాను కొని పోగుచేసుకునే సరదా ఉన్న మనిషట. ఎవరో చెప్పగా నరసాపురం దాకా వచ్చి, గుమ్మం బయట చెప్పులు విడిచి, మా ముందుగదిలో ఉన్న జత స్పీకర్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. టేకు పెట్టెలను నిమిరాడు. వేలితో కొట్టి చూశాడు. వెనక్కి తిప్పి తీగలు పరీక్షించాడు. చివరికి ముందువైపు కట్టి ఉన్న లేసు మీద చెయ్యి వేసి, పాపం, మొహం చిన్నబుచ్చుకున్నాడు. "అంతా బాగుందమ్మా, ఈ లేసే... ఇది తీయించేసి, అప్పట్లో కంపెనీవాళ్ళు వేసినటువంటి గుడ్డ వేయిస్తే ఒరిజినల్ అయిపోతుందండి. అప్పుడు తీసుకుంటాను" అన్నాడు. "ఒరిజినలే బాబూ అది" అన్నాను. నాకు అర్థం కాలేదనుకుని మళ్ళీ మొదటి నుంచీ చెప్పబోయాడు. కాఫీ తాగి వెళ్ళమన్నాను. తాగాడు, వెళ్ళాడు. స్పీకర్లు ఉన్నచోటే ఉన్నాయి.

అతని మీద నాకు కోపమేమీ లేదు. కానీ నేను అల్లిన లేసు తీసెయ్యమన్న మొదటి మనిషి అతను కాదు. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు నాకు ఇరవై ఏళ్ళు దాటి ఎంతో కాలం కాలేదు, ప్లస్సు మైనస్సు గుర్తులు తప్ప ఒక్క అక్షరం రాదు. నలభై దాటాక మా సంఘంలో ఆడవాళ్ళకు పెట్టిన తరగతిలో కూర్చుని నేర్చుకున్నాను. ఆలస్యంగా వచ్చిన చదువు కాబట్టి రాయవలసినవి లోపల చాలా పేరుకుపోయాయి. వాటిలో ముందు ఇది రాస్తాను.

అమ్మ పోయాక ఆమె తమ్ముడు దేవదానం మామయ్య నన్ను నరసాపురంలోని తన ఇంటికి తెచ్చుకున్నాడు. ఆయన రేడియో మెకానిక్కు. వీధిలోకి తెరుచుకునే ముందుగదే షాపు. ఆ ఇంట్లో కళ్ళు మూసుకుని నడిచినా ఏ గదిలో ఉన్నామో తెలిసిపోయేది. ముందుగదిలో సోల్డరింగ్ పొగ, నడవలో చేపల పులుసు, పెరట్లో సగ్గుబియ్యం గంజి ఉడికే తియ్యటి వాసన. ఆ గంజి లేసు కోసం. మామయ్య భార్య రత్నమ్మ అత్తయ్య పొద్దున్నే ప్రార్థన అయ్యి, పొయ్యి మీద ఎసరు పెట్టేసరికల్లా నా ఒళ్ళో దారపుండ వచ్చి పడేది. వాకిలి పక్క అరుగు మీద అత్తయ్యా నేనూ, పక్కిళ్ళ ఆడవాళ్ళూ కాళ్ళు చాపుకుని కూర్చుని సాయంత్రం దాకా అల్లేవాళ్ళం. నేను బడికి వెళ్ళకపోవడానికి కారణం ఎవరినైనా అడిగితే, చెయ్యి చురుకైన పిల్ల కదా అనేవారు, అదేదో మెచ్చుకోలైనట్టు.

ఆ లేసు పనిలో ఒక సంగతి నాకు చిన్నప్పటి నుంచీ మింగుడుపడేది కాదు. ఒకరు పూలు అల్లితే ఇంకొకరు ఆకులు అల్లేవారు, అన్నీ కలిపి అతకడం మరో వీధివాళ్ళ పని. ఏజెంటు వచ్చి ఎవరి ముక్కలు వాళ్ళ దగ్గర లెక్కపెట్టి పట్టుకుపోయేవాడు. పూర్తయిన బల్లగుడ్డ ఎలా ఉంటుందో, ఏ దేశంలో ఎవరి బల్ల మీద పరుచుకుందో మాకు తెలియదు. "అత్తా, మన పూలన్నీ కలిపితే ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలనిపించదా?" అని అడిగితే, "చూసి ఏం చేస్తావే, అన్నంలో నంజుకుంటావా?" అనేది అత్తయ్య. అరుగంతా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. లోపల మాత్రం నవ్వు వచ్చేది కాదు.

మామయ్య పద్ధతులు వేరు. టీ సాసర్లో పోసుకుని, నిలబడే తాగేవాడు. పాట వినాలంటే తువ్వాలుతో ఒక చెవి మూసుకుని రెండో చెవి స్పీకరు దగ్గర పెట్టేవాడు. ఆయన కూర్చుని పాట విన్నది నేను చూడలేదు. వయసు మీద పడి చూపు మందగిస్తోందని ఒప్పుకునేవాడు కాదు. స్పీకరు లోపల అదిరే గిన్నెలాంటి కాగితం చిరిగితే, అతకబోయి ఇంకాస్త చింపి, కాగితాన్ని తిట్టేవాడు. ఒకరోజు మంచినీళ్ళు ఇవ్వడానికి వెళ్ళి ఆయన వెనక నిలబడి చూస్తే, ఆ కాగితపు గిన్నె అంచంతా మా లేసు అంచులాగే చిన్న చిన్న మడతలతో ఉంది. "ఇలా ఇవ్వు మామయ్యా" అని తీసుకుని అతికాను. ఆయన వెలుతురుకు ఎత్తి చూసి, "ఊ" అన్నాడు. మర్నాడు మరొకటి ఇచ్చాడు. అలా ఏడాదిలో నేను లేని స్పీకరు పని ఆ షాపులో లేకుండా పోయింది. అయితే షాపులోకి ఎవరైనా వస్తే నేను లేచి తెర వెనక్కి వెళ్ళిపోవాలి. పని నాది, "ఇదిగోనండి, చేసేశాను" అనే మాట మామయ్యది.

అవి పాత స్టీరియోలన్నీ ఇళ్ళలోంచి బయటకు వస్తున్న రోజులు. రంగు రంగుల లైట్లు వెలిగే ప్లాస్టిక్కు సెట్లు వచ్చాయి, సీడీలు వచ్చాయి. ఒకప్పుడు మద్రాసు వెళ్ళి ముచ్చటపడి కొనుక్కొచ్చిన పెద్ద పెద్ద చెక్క స్పీకర్లు రైతుల ఇళ్ళలో ధాన్యపు కొట్ల పాలయ్యాయి. ఒకరింట్లో అయితే ముందు గుడ్డ చించుకుని కోడిపెట్ట లోపల గుడ్లు పెట్టింది. మామయ్య వాటిని తెచ్చి, అయస్కాంతం ఒకవైపు, రాగితీగ ఒకవైపు, టేకుచెక్క ఒకవైపు విడదీసేవాడు. ఆ సుత్తి దెబ్బ పడినప్పుడల్లా నాకు ముక్కలు లెక్కపెట్టుకుపోయే ఏజెంటు గుర్తొచ్చేవాడు.

అలాంటి రోజుల్లో పాలకొల్లు దగ్గర పల్లె నుంచి ఒక పెద్దావిడ కారులో వచ్చారు. సుభద్రమ్మగారు. పెద్ద కమతం ఉన్న ఇల్లు. భర్త పోయి ఏడాది అయింది. డ్రైవరు చేత రెండు పెట్టెలు దింపించి, స్టూలు మీద కూర్చున్నారు. పెట్టెల మీద కాఫీగ్లాసుల తెల్ల మరకలు, ముందు గుడ్డ ఎలుకలు కొట్టేశాయి, లోపల కాగితం ఉప్పుగాలికి అరిసెలా చిట్లింది. మామయ్య ఒక్కసారి చూసి పెదవి విరిచాడు.

"వీటిలో ఏం లేదండి అమ్మగారూ. కొత్త సెట్టు కొనుక్కోండి."

"కొత్తది మావాడు కొన్నాడు. అది వినడానికి రాలేదు నేను. ఇవి మోగాలి."

"అయ్యగారి గుర్తుగా అంటారా?"

"ఆయన గుర్తుకేంటయ్యా, ఫొటో ఉంది గోడకి" అన్నారావిడ. "ఆయన హాల్లో పడక్కుర్చీ వేసుకుని వినేవారు. నేను వంటింట్లో పోపు చిటపటల్లోంచి, గిన్నెల చప్పుళ్ళలోంచి విన్నాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ అంతే. ఒక్క పాటయినా మొదట్నుంచి చివరిదాకా వినలేదు. ఇప్పుడు ఆ కుర్చీలో నేను కూర్చుంటాను. అదే స్పీకర్లలో వింటాను."

తెర వెనక ఉన్నదాన్ని అలాగే ముందుకు వచ్చేశాను. "నేను చేస్తానండి" అన్నాను. మామయ్య కళ్ళెర్రజేశాడు. ఆవిడ నన్ను కింద నుంచి పైకి చూసి, "చెయ్యి మరి" అని లేచారు.

కారు వెళ్ళాక ఇంట్లో పెద్ద గొడవే అయింది. అత్తయ్య గరిటెతో సహా వచ్చింది. "పెళ్ళి కావలసిన పిల్ల, పరాయివాళ్ళ ముందుకొచ్చి ఆ మాట్లాడటం ఏంటి? చేతులకి ఆ మసేంటి?" అంది. మామయ్య ఆఖరికి, "సరే. ఈ జత మోగితే ఇకనుంచి అందరి ముందూ బల్ల దగ్గర కూర్చో. మోగకపోతే అరుగు మీద కూర్చుని లేసు అల్లుకో. మళ్ళీ ఈ గదిలోకి రావద్దు" అన్నాడు. "మాట మీద ఉంటావా?" అన్నాను. "నా మాటకేంటే!" అన్నాడు.

చెదలు తిన్న వెనక చెక్క తీసేసి కొత్తది వేయించాను. మరకలు పోయేదాకా గీకి, లక్క పాలిష్ పట్టించాను. లోపల ఎలుకలు గూడు కట్టుకున్న పాత దూది పారేసి, మా దిండ్లలో కూరే బూరుగు దూది కూరాను. చిట్లిన అంచు మొత్తం కత్తిరించేసి, అత్తయ్య పాత నేతచీర కొంగులోంచి గుండ్రంగా గుడ్డ కోసి, సైకిలు పంక్చర్లకు వాడే రబ్బరు బంక పలచగా పూసి, కాగితానికి కొత్త అంచు కట్టాను. ఆ కాగితపు గిన్నె అడుగున తీగచుట్ట అయస్కాంతం సందులో ఎటూ రాసుకోకుండా నిలబడాలి. దానికి ఆసుపత్రిలో పారేసిన ఎక్స్‌రే ఫిల్ము సన్నగా కత్తిరించి సందులో చుట్టూ దోపి, బంక ఆరాక లాగేసేవాళ్ళం. టార్చిలైటు బ్యాటరీ తగిలిస్తే "టక్" మని కాగితం ముందుకు తన్నింది. రెండు పెట్టెలూ ఒకేలా తన్నాయి. ఇక ముందు గుడ్డ ఒక్కటే మిగిలింది.

మామయ్య నల్లగుడ్డ తెచ్చాడు. వద్దన్నాను. ఎందుకో ఆయనకు అప్పుడు చెప్పలేకపోయాను. పువ్వూ ఆకూ అంచూ అన్నీ నేనే వేసి, అతుకూ నేనే వేసి, మొదలూ చివరా నాదే అయిన లేసు ఒక్కటి అల్లాలని నాకు పట్టుకుంది. ఏజెంటు దారం ముట్టుకోలేదు, నా దారం నేను కొనుక్కున్నాను. మధ్యలో పెద్ద పువ్వు, దాని చుట్టూ అలలు, మూలల్లో ఆకులు. అల్లడం అయ్యాక, పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి చేసినట్టే, సగ్గుబియ్యం గంజి చిక్కగా పెట్టి, చెక్క చట్రం మీద బిగించి, ఎండలో ఆరబెట్టాను. లేసుకు గంజి పెట్టకుండా ఎవరైనా ఇస్తారా? అద్దంలా తయారైంది. సైజు సరిచూసుకుని చట్రాలను దుప్పట్లో చుట్టి పెట్టాం. వాటిని పెట్టెలకు తగిలించి ఒక్కసారి పాట వేసి చూడాలని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

ఆటోట్రాలీలో పెట్టెలు వేసుకుని ఇద్దరం వాళ్ళ ఊరు వెళ్ళాం. హాల్లో పెట్టి, చట్రాలు తగిలించేసరికి ఆవిడ కొడుకు వచ్చాడు. ఊళ్ళో అందరూ చినబాబుగారంటారు. చూసీ చూడగానే నవ్వాడు.

"ఏంటి దేవదానం, మీ చర్చి పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురికి వేస్తారే, ఆ ముసుగు తెచ్చి మా స్పీకర్లకి వేశావా?"

"మా మేనకోడలు సరదాపడిందండి బాబుగారూ" అన్నాడు మామయ్య, తలవంచుకుని.

రికార్డు పెట్టారు. నాదస్వరం. దుప్పటి కప్పుకుని వాయిస్తున్నట్టు వచ్చింది. డోలు దెబ్బ పడినప్పుడల్లా కందిరీగ చిక్కుకున్నట్టు ఒక రొద. "అమ్మా, విన్నావుగా! ఆడపిల్లల చేత మెకానిక్కు పని చేయిస్తే ఇలాగే ఏడుస్తుంది" అన్నాడు చినబాబుగారు. మామయ్య గబగబా చట్రం ఊడదీశాడు. అంతే, పాట ఒక్కసారిగా గదిలోకి వచ్చి పడింది. ఊపిరి తీసుకునే చప్పుడుతో సహా.

"చూశావా, లేసుదే తప్పు! నల్లగుడ్డ వేసేద్దాం, తెచ్చాను" అని సంచీలో చెయ్యి పెట్టాడు మామయ్య.

నేను చట్రం తీసుకుని కిటికీ దగ్గరకు పరుగెత్తాను. వెలుతురుకు పట్టి చూస్తే కనిపించింది. లేసులోని ప్రతి కన్నులోనూ గంజి పొర, తూనీగ రెక్కంత సన్నగా. గాలి పోయే దారి లేదు. పాట ఎలా బయటకు వస్తుంది? మా ఊరి ఆడవాళ్ళం మాత్రమే చేయగలిగిన తప్పు అది. ఇంకెవరైనా అయితే లేసుకు గంజి పెట్టేవాళ్ళే కాదు.

"తప్పు లేసుది కాదు మామయ్యా, గంజిది. ఉతికి తెస్తాను" అన్నాను.

"చాలే, అల్లరి చేయకు. అందరూ చూస్తున్నారు" అన్నాడాయన.

"చూడనీ."

పెరట్లోకి వెళ్ళి వేణ్ణీళ్ళు అడిగి, మేకులు ఊడదీసి, రెండు లేసులూ గంజి వదిలేదాకా పిండాను. తడిగానే చట్రం మీద సాగదీసి, మళ్ళీ మేకులు కొట్టి, ఎండలో పెట్టి పక్కనే కూర్చున్నాను. ఇంట్లో భోజనాలు అయ్యాయి. మామయ్య రెండుసార్లు వచ్చి వెళ్ళిపోదాం రమ్మన్నాడు. లేవలేదు. ఆరేకొద్దీ దారం దగ్గరకు లాక్కుని చట్రానికి బిగిసింది, కన్నులన్నీ ఖాళీగా తెరుచుకున్నాయి. తెచ్చి తగిలించాను. రికార్డు నేనే పెట్టాను.

పాట వచ్చింది. రొద లేదు, ముసుగు లేదు. సుభద్రమ్మగారు పడక్కుర్చీ లాక్కుని, రెండు పెట్టెలకూ సరిగ్గా మధ్యలో కూర్చుని, కాళ్ళు చాపుకున్నారు. వంటింట్లోంచి ఎవరో ఏదో అడిగితే చెయ్యి మాత్రం ఊపారు. కానీ చినబాబుగారు ఊరుకోలేదు.

"మోగితే మోగింది గానీ, వచ్చినవాళ్ళు నవ్విపోతారు. ఆ లేసు తీసేసి నల్లగుడ్డ వేసి పో దేవదానం."

"ఆయ్, అలాగేనండి" అన్నాడు మామయ్య, స్క్రూడ్రైవరు అందుకుంటూ.

నేను వెళ్ళి స్పీకర్ల ముందు నిలబడ్డాను. "నల్లగుడ్డే కావాలంటే ఇంకో మెకానిక్కుని పిలిపించుకోండి బాబుగారూ. మేం మాత్రం తియ్యం."

"మేం అంటే? నువ్వు మెకానిక్కువా?"

"లోపల కాగితం అతికింది నేను. దూది కూరింది నేను. పాలిష్ పట్టింది నేను. కనపడకుండా ఉండేదంతా నాదైనప్పుడు, ముందు కనపడేది నాది కాకూడదాండి?"

నాదస్వరం తన పాటికి తాను మోగుతోంది. "చినబాబూ," అన్నారు సుభద్రమ్మగారు, కళ్ళు తెరవకుండానే, "కాస్త పక్కకి జరుగు. నువ్వడ్డంగా ఉంటే వినపట్టం లేదు."

తిరిగి వచ్చేటప్పుడు కాలవగట్టు దాటి ఊళ్ళోకి వచ్చాక మామయ్య అన్నాడు: "పెద్దవాళ్ళ గడపలో ఆ మాటలేంటే? వాళ్ళు నలుగురికీ చెబితే రేపు నా షాపుకి ఎవడొస్తాడు?"

"బాగా మోగాయి కదా మామయ్యా."

"మోగాయి. వాటికంటే గట్టిగా నువ్వు మోగావు. రేపట్నుంచి అరుగు మీద కూర్చో."

"మాటన్నావు నువ్వు."

"అన్నాను. నీ నోరు చూశాక వెనక్కి తీసుకున్నాను."

సుభద్రమ్మగారు పోయాక ఆ జత స్పీకర్లు నా దగ్గరకే వచ్చాయి. ఇప్పుడు మా వీధిలో అరుగులు లేవు. మేడలు కట్టుకునేటప్పుడు వాటిని కొట్టేశారు. లేసు అల్లే చేతులు తగ్గిపోయాయి, మిషను మీద చేసినది తక్కువకు వస్తోంది. మా అమ్మాయి ఫోను బల్ల మీద పెడితే అగ్గిపెట్టెంత స్పీకరు ఇల్లంతా వినిపిస్తుంది. అది చెడితే ఎవరూ విప్పరు, పారేసి ఇంకొకటి తెస్తారు. ఆ రోజులే బాగున్నాయని నేను అనను. ఆ రోజుల్లో నన్ను బడికి పంపలేదు. పని చేయించుకుని తెర వెనక్కి పొమ్మన్నారు. పోపు చప్పుళ్ళలోంచి పాట విన్న ఆడవాళ్ళు ఆ రోజుల్లో ఇంటికొకరు ఉన్నారు. పాత వస్తువు మీద ప్రేమ ఉంటే పాత కాలం మీద కూడా ఉండాలని ఎక్కడా లేదు. పెట్టె పాతదే, బాగుచేశాను. దాని ముందు ఏం కట్టాలో మాత్రం ఆ కాలాన్ని అడగలేదు, ఈ కాలాన్నీ అడగను.

సుభద్రమ్మగారి ఇంటి నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్న ప్రార్థన అయ్యాక అత్తయ్య ఎప్పటిలాగే దారపుండ నా ఒళ్ళో వేసింది. దాన్ని బుట్టలో పెట్టి లేచాను. "ఎక్కడికే?" అంది. ముందుగదిలోకి వెళ్ళి, తెర తాడు విప్పి, గుడ్డ మడతపెట్టి పక్కన పడేసి, వీధివైపు మొహం పెట్టి మామయ్య స్టూలు మీద కూర్చున్నాను. మామయ్య టీ సాసరు పట్టుకుని వచ్చి లోపలి గుమ్మంలో ఆగిపోయాడు. లెమ్మంటాడని ఎదురుచూశాను. లెమ్మంటే ఏం చెప్పాలో కూడా తయారుగా పెట్టుకున్నాను. ఇంతలో మొగల్తూరు నుంచి ఒకాయన రేడియో సంకన పెట్టుకుని మెట్లెక్కాడు. నన్ను చూసి, నా భుజం మీదుగా లోపలికి తొంగి చూశాడు.

"మెకానిక్కు దేవదానం గారు లేరాండి?"

"ఏమైందండి రేడియోకి?" అన్నాను.

ఆయన రేడియో నాకు ఇవ్వకుండా, నా వెనక ఉన్న మామయ్య వైపే చూస్తూ నిలబడ్డాడు. నేను చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. మామయ్య సాసర్లో మిగిలిన టీ తాగాడు. మూతి తుడుచుకున్నాడు.

"నావైపు చూస్తారేంటండి?" అన్నాడు విసుగ్గా. "అడిగింది ఆవిడ. ఆవిడకి చెప్పండి."

నేను బల్ల మీద చోటు చేశాను.